బిల్డ్ ఒక్కటే, నడిచే చోట్లు మూడు: ఆటోమేటెడ్ బిల్డ్‌కి సెట్టింగులు ఎక్కడ, ఎలా ఇవ్వాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో రొయ్యల గుంటలున్న రైతుల కోసం ఒక యాప్ చేస్తున్నారనుకుందాం. రైతు గుంటవారీగా మేత, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ ఫోన్లో నమోదు చేస్తాడు. నీళ్లలో డీవో లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి పోతే ఎస్సెమ్మెస్ వెళ్తుంది. వెనకాల జావా సర్వర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. టెక్నీషియన్లు చూసుకోవడానికి రియాక్ట్ వెబ్ పేజీ, రైతుకి ఆండ్రాయిడ్ యాప్. ఇదంతా డెవలపర్ ల్యాప్‌టాప్‌లో, స్టేజింగ్‌లో (పరీక్షించే చోటు), ప్రొడక్షన్‌లో (నిజం రైతులు వాడే చోటు) నడవాలి. కోడు అన్నిచోట్లా అదే. డేటాబేస్ అడ్రసు, ఏపీఐ అడ్రసు (యాప్, వెబ్ పేజీ సర్వర్‌తో మాట్లాడే చిరునామా), ఎస్సెమ్మెస్ ఖాతా, కీలు మాత్రం చోటుని బట్టి మారతాయి.

ప్రొడక్షన్ ఎస్సెమ్మెస్ కీ స్టేజింగ్‌లోకి జొరబడిందంటే, టెస్టర్ సరదాగా డీవో 2 అని కొట్టగానే కొత్తపట్నంలో నిజం రైతుకి మెసేజ్ పోతుంది. ఆయన నిద్రలేచి, కరెంటు లేకపోతే జనరేటర్ వేసి, ఏరేటర్లన్నీ తిప్పుతాడు. డీజిల్ దండగ ఒక ఎత్తు. రేపు నిజంగా ఆక్సిజన్ పడిపోయినప్పుడు మీ మెసేజ్‌ని ఆయన పట్టించుకోడు, అసలు నష్టం అది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఒకే సూత్రం మీద నడుస్తుంది: బిల్డ్ (కోడుని నడిచే రూపంలోకి కట్టడం) అయ్యాక ఇవ్వగలిగినదాన్ని బిల్డ్‌లో పెట్టకూడదు. తప్పనిసరై పెడితే, ఏ బిల్డ్‌లో ఏముందో పైకి కనబడాలి.

వేరియబుల్ పేర్లు, కమాండ్లు ఇక్కడ పలికినట్టే రాశాం. ఫైల్లో మాత్రం వేరియబుల్ పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, అండర్‌స్కోర్లతో ఉంటాయి.

1. ముందు జాబితా

టూల్ జోలికి పోకముందే కోడంతా గాలించండి. హెచ్‌టీటీపీ అని మొదలయ్యేవి, ఐపీ అడ్రసులు, లోకల్‌హోస్ట్, పాస్‌వర్డ్ అన్న మాట, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాముకి బయటి నుంచి పేరు, విలువగా ఇచ్చే సెట్టింగు) చదివే ప్రతి లైను పట్టుకోండి. దొరికినవాటిని ఒక షీట్‌లో నాలుగు నిలువు గడులుగా రాయండి: పేరు, ఎప్పుడు కావాలి (బిల్డ్‌లోనా, స్టార్ట్ అయ్యేటప్పుడా), రహస్యమా కాదా, ఇవ్వకపోతే ఏం కావాలి. నాలుగో గడిని ఖాళీగా వదిలేసే టీములే ఎక్కువ. గొడవలు పుట్టేదీ అక్కడే.

డీబీ_యూఆర్ఎల్: స్టార్ట్‌లో కావాలి, అందులో పాస్‌వర్డ్ ఉంటే రహస్యం. ఇవ్వకపోతే సర్వర్ లేవకూడదు. లోకల్‌హోస్ట్‌ని డిఫాల్ట్‌గా పెట్టారంటే ప్రొడక్షన్‌లో అరగంట తప్పుడు దారిలో వెతుకుతారు.

స్టోరేజ్_రీజియన్: రహస్యం కాదు. అమెజాన్ క్లౌడ్ సేవకి మన దేశంలో రెండు రీజియన్లున్నాయి, ముంబై ఏపీ-సౌత్-1, హైదరాబాద్ ఏపీ-సౌత్-2. బకెట్ (ఫైళ్లు దాచే చోటు) ఒకచోట, సెట్టింగు ఇంకోచోట ఉంటే ఫొటో అప్‌లోడ్ ఆగిపోతుంది. వచ్చే ఎర్రర్ చూస్తే మాత్రం కీ తప్పేమో అనిపిస్తుంది.

ఎస్సెమ్మెస్_మోడ్: లాగ్ లేదా పంపు. డిఫాల్ట్ ‘లాగ్’ అని పెడితే స్టేజింగ్‌కి క్షేమమే. కానీ ప్రొడక్షన్‌లో ఈ సెట్టింగు మర్చిపోతే హెచ్చరికలన్నీ నోరు మూసుకుని లాగ్ ఫైల్లోకి పోతాయి. రైతుకి కబురు ఉండదు. కాబట్టి దీనికి డిఫాల్టే వద్దు. మూడుచోట్లా విడిగా ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే సర్వర్ లేవకూడదు.

మావెన్_టోకెన్: ప్రైవేటు లైబ్రరీలు దించుకోవడానికి. బిల్డ్‌లోనే కావాలి, పైగా రహస్యం. జాబితాలో అన్నిటికన్నా చిక్కు తెచ్చేది ఇదే. దీని సంగతి 5వ అంచెలో.

ఇక ‘డీవో హద్దు 4’ ఈ జాబితాలోకి రాదు. అది చోటుని బట్టి మారదు, గుంటని బట్టి మారుతుంది. కౌంట్‌వారీ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క ప్రకారం) ధరలూ అంతే, రోజురోజుకీ మారతాయి. ఇలాంటివి డేటాబేస్ టేబుల్లో ఉండాలి. వీటిని కూడా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో కుక్కితే ధర మారినప్పుడల్లా డిప్లాయ్ చేస్తూ కూర్చోవాలి.

2. సర్వర్: ఇమేజ్ ఒక్కసారే కట్టండి

డాకర్ అన్న టూల్ సర్వర్‌ని, దానికి కావాల్సినవాటితో కలిపి ఇమేజ్ అన్న ఒక మూటగా కడుతుంది. నడుస్తున్న ఇమేజ్‌ని కంటైనర్ అంటారు. ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్‌ని రెండు దశల్లో రాయండి. మొదటి దశ జేడీకే (జావా కోడుని కంపైల్ చేసే కిట్) మీద జార్ (జావా ప్రోగ్రాము ఫైలు) కడుతుంది, రెండోది జేఆర్ఈ (జావాని నడపడానికి మాత్రమే) మీద ఆ జార్‌ని నడుపుతుంది. సెట్టింగులు లోపలికి రావడానికి ఆర్గ్, ఎన్వ్ అని రెండు దారులున్నాయి. రెండూ ఒకటే అనుకోవద్దు. ఆర్గ్ బిల్డ్ జరుగుతున్నంతసేపే ఉంటుంది. ఎన్వ్ ఇమేజ్‌లో ఉండిపోయి, కంటైనర్ లేచినప్పుడల్లా కనిపిస్తుంది. ఆర్గ్ విలువ ఎలాగూ పోతుంది కదా అని పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్లున్నారు. ఇమేజ్ చేతికొచ్చినవాడు డాకర్ హిస్టరీ కమాండ్ కొడితే ఆ విలువ కనబడుతుంది.

ఆర్గ్‌లో పెట్టదగినవి వెర్షన్ నంబరు, కమిట్ హాష్ (గిట్‌లో ప్రతి మార్పుకీ ఉండే గుర్తింపు కోడు). వీటిని డాకర్ బిల్డ్ కమాండ్‌కి బిల్డ్-ఆర్గ్ ఫ్లాగ్‌తో ఇవ్వండి. ఇక్కడ తరచూ పడే గుంతలు:

ఫ్రమ్ లైనుకి (ప్రతి దశా దీనితోనే మొదలవుతుంది) పైన రాసిన ఆర్గ్ దాని కింద పనిచేయదు. ఆ దశలో ఆర్గ్ అని పేరు మళ్లీ రాయాలి. రాయకపోతే ఎర్రర్ రాదు, విలువ ఖాళీగా వస్తుంది. దశ మారితే మళ్లీ రాయాలి.

కమిట్ హాష్ ఆర్గ్‌ని ఫైలు మొదట్లో పెడితే హాష్ మారిన ప్రతిసారీ దాని కింద ఉన్న రన్ లైన్ల కాష్ చెల్లకుండా పోతుంది, లైబ్రరీలన్నీ మళ్లీ దిగుతాయి. దాన్ని చివరికి దించండి.

కాపీ డాట్ డాట్ అని రాస్తే ఫోల్డర్లో ఉన్న డాట్ ఎన్వ్ ఫైలు కూడా ఇమేజ్‌లోకి ఎక్కుతుంది. గిట్‌ఇగ్నోర్‌లో ఉంది కదా అని ధీమా పడొద్దు, డాకర్ దాన్ని చూడదు. డాకర్‌ఇగ్నోర్ ఫైలు వేరే ఉండాలి.

ఇమేజ్‌కి ట్యాగ్‌గా కమిట్ హాష్ పెట్టండి. ‘స్టేజింగ్’, ‘ప్రొడక్షన్’ అని ట్యాగులు పెట్టి రెండుసార్లు కట్టారంటే స్టేజింగ్‌లో పరీక్షించింది ఒకటి, రైతుకి చేరింది ఇంకొకటి. రెండు బిల్డుల మధ్య బేస్ ఇమేజ్ మారి ఉండొచ్చు, ఏదో లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చి ఉండొచ్చు.

విలువలు సర్వర్ మీద, రూట్‌కి మాత్రమే చదివే హక్కున్న (పర్మిషన్ 600) ఎన్వ్ ఫైల్లో ఉంచి డాకర్ కంపోజ్ (కంటైనర్లని ఒక ఫైలు ప్రకారం నడిపే టూల్) ద్వారా కంటైనర్‌కి ఇవ్వండి. ఫైలు మార్చాక డాకర్ కంపోజ్ రీస్టార్ట్ కొడితే పాత విలువలతోనే లేస్తుంది. కంటైనర్ కొత్తగా పుట్టాలి, అంటే కంపోజ్ అప్ మైనస్ డీ కొట్టాలి. ఇంకొకటి: డాకర్ రన్ కమాండ్‌కి ఎన్వ్-ఫైల్ ఇచ్చినప్పుడు కొటేషన్ గుర్తులు విలువలో భాగమైపోతాయి, కంపోజ్ మాత్రం వాటిని తీసేస్తుంది. అదే ఫైలు ఒకచోట పనిచేసి ఇంకోచోట ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటోందంటే ముందు ఇది చూడండి. విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైలైతే లైను చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ ఉందేమో కూడా చూడండి.

స్ప్రింగ్ బూట్ (జావా సర్వర్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లకి పేర్ల నియమం: ప్రాపర్టీ పేరులో చుక్క ఉన్నచోట అండర్‌స్కోర్, డాష్ ఉంటే తీసేయాలి, అన్నీ పెద్దక్షరాలు. ఇలా ఇచ్చిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అప్లికేషన్ ప్రాపర్టీస్ ఫైల్లో ఉన్నదాన్ని మించుతుంది.

సర్వర్ లేవగానే చేసే మొదటి పని సెట్టింగుల తనిఖీ కావాలి. లేనివాటి పేర్లన్నీ ఒకేసారి చెప్పి, ఎగ్జిట్ కోడ్ 1తో ఆగిపోవాలి. ఒక్కొక్కటే చెబితే ఆరు సెట్టింగులకి ఆరుసార్లు డిప్లాయ్ అవుతుంది. పేర్లే ప్రింట్ చేయాలి, విలువలు కాదు.

3. వెబ్ పేజీ: ఇక్కడే ఎక్కువమంది బోల్తా

బ్రౌజర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనేదే లేదు. వీట్ అనే బిల్డ్ టూల్‌తో కడితే, వీట్_ అన్న ముందక్షరాలున్న వేరియబుల్స్ మాత్రమే పేజీ కోడుకి అందుతాయి. అవి కూడా బిల్డ్ సమయంలో మామూలు స్ట్రింగులుగా కోడులో అచ్చు పడిపోతాయి. తర్వాత కంటైనర్‌కి ఎన్ని వేరియబుల్స్ ఇచ్చినా పేజీ మారదు. నెక్స్ట్ జేఎస్‌లో నెక్స్ట్_పబ్లిక్_ తో మొదలయ్యేవీ ఇంతే. పేజీ తెరిచినవాడు ఎవడైనా వాటిని చదవగలడు కాబట్టి ఎస్సెమ్మెస్ కీకి వీట్_ తగిలించడమంటే దాన్ని గోడకి అంటించడమే.

ఇమేజ్ ఒక్కటే ఉంచాలంటే ఏపీఐ అడ్రసుని బిల్డ్ నుంచి బయటికి లాగాలి:

మొదట, పబ్లిక్ ఫోల్డర్లో కాన్ఫిగ్ డాట్ జేఎస్ అని చిన్న ఫైలు పెట్టండి. అది విండో ఆబ్జెక్ట్ మీద ఏపీఐ అడ్రసు, చోటు పేరు పెడుతుంది. ల్యాప్‌టాప్ విలువలు దాన్లోనే ఉండొచ్చు.

రెండోది, ఇండెక్స్ పేజీలో అసలు స్క్రిప్టుకి ముందు దీన్ని లోడ్ చేయండి. కోడంతా విండో మీది విలువనే వాడాలి.

మూడోది, ఎన్‌జిన్‌ఎక్స్ (పేజీలని అందించే వెబ్ సర్వర్) అధికారిక ఇమేజ్‌లో డాకర్-ఎంట్రీపాయింట్ డాట్ డీ ఫోల్డర్లో పెట్టిన షెల్ స్క్రిప్టులు కంటైనర్ లేచేటప్పుడు వరసగా నడుస్తాయి. అక్కడ ఎన్వ్‌సబ్‌స్ట్ కమాండుతో (వేరియబుల్ పేర్ల చోట వాటి విలువలు పెడుతుంది) టెంప్లేట్ నుంచి కాన్ఫిగ్ డాట్ జేఎస్‌ని తిరగరాయించండి. స్క్రిప్టుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోతే దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది, లాగ్‌లో ఒక లైను తప్ప ఏ సూచనా ఉండదు. ఎన్వ్‌సబ్‌స్ట్‌కి ఏ పేర్లు మార్చాలో విడిగా చెప్పండి. చెప్పకపోతే డాలర్ గుర్తుతో ఉన్న ప్రతి పేరునీ మారుస్తుంది, విలువ లేనిదాన్ని ఖాళీ చేస్తుంది.

నాలుగోది, ఆ ఒక్క ఫైలుకి కాష్-కంట్రోల్ నో-స్టోర్ పెట్టండి, బ్రౌజర్ పాత కాపీని దాచుకోకుండా. మిగతా ఫైళ్ల పేర్లలో హాష్ ఉంటుంది కాబట్టి వాటితో పేచీ లేదు.

సర్వర్ లేకుండా స్టాటిక్ హోస్టింగ్‌లో పెడుతుంటే చోటుకొక బిల్డ్ తప్పకపోవచ్చు. అప్పుడు వీట్ బిల్డ్‌కి మోడ్ స్టేజింగ్ అని ఇచ్చి డాట్ ఎన్వ్ డాట్ స్టేజింగ్ ఫైలు వాడండి. మోడ్ ఇవ్వకపోతే బిల్డ్ ప్రొడక్షన్ మోడ్‌నే తీసుకుంటుంది. పైప్‌లైన్‌లో (బిల్డ్, డిప్లాయ్ పనులని తనంతట తనే నడిపే వరసలో) అదే పేరుతో వేరియబుల్ అప్పటికే ఉంటే ఫైల్లో రాసింది చెల్లదు. ఇక ‘ఫాల్స్’ అని ఇచ్చిన విలువ జావాస్క్రిప్ట్‌కి ఖాళీకాని స్ట్రింగ్, అంటే ట్రూ కిందే లెక్క. విలువని ‘ట్రూ’ అన్న స్ట్రింగ్‌తో సరిపోల్చి చూడాలి.

4. ఆండ్రాయిడ్

ఏపీకేని (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) రైతు ఫోన్లో పెట్టాక సెట్టింగు మార్చే దారి లేదు కాబట్టి ఇక్కడ రెండు బిల్డులు న్యాయమే. ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్ అయిన గ్రేడిల్‌లో ఒక ఫ్లేవర్ డైమెన్షన్, దాన్లో స్టేజింగ్, ప్రొడక్షన్ అని రెండు ఫ్లేవర్లు (ఒకే కోడు నుంచి పుట్టే వేరువేరు యాప్‌లు) పెట్టండి. ఫ్లేవర్ పేరు ‘టెస్ట్’ అని మొదలైతే గ్రేడిల్ ఒప్పుకోదు. స్టేజింగ్‌కి అప్లికేషన్ ఐడీ సఫిక్స్ ఇచ్చి, పేరూ ఐకాన్ రంగూ మార్చండి. రెండూ ఒకే ఫోన్లో పక్కపక్కన ఉంటాయి, టెస్టర్ పొరపాటున అసలు యాప్‌లో అంకెలు కొట్టడు.

ఏపీఐ అడ్రసు బిల్డ్‌కాన్ఫిగ్ ఫీల్డ్‌గా ఇవ్వండి. స్ట్రింగ్ అయితే విలువ లోపల కూడా కొటేషన్లు ఉండాలి, లేకపోతే పుట్టే జావా ఫైలు కంపైల్ కాదు. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8 నుంచి బిల్డ్‌కాన్ఫిగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, బిల్డ్ ఫీచర్స్‌లో ఆన్ చేయాలి. స్టేజింగ్ సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఆండ్రాయిడ్ 9 దగ్గర్నుంచి మామూలుగా కనెక్షనే దొరకదు. మినహాయింపులు రాసుకునేకన్నా సర్టిఫికెట్ పెట్టడమే తేలిక.

సైనింగ్ కీస్టోర్ ఫైలుని (యాప్ మీద సంతకం చేసే కీ ఉండేది) బేస్64గా, అంటే మామూలు అక్షరాలుగా మార్చి పైప్‌లైన్ రహస్యాల్లో దాచండి. బిల్డ్‌కి ముందు ఫైలుగా విప్పి, అయ్యాక తుడిచేయండి. పాస్‌వర్డు గ్రేడిల్‌కి ఎన్విరాన్‌మెంట్ ద్వారా ఇవ్వొచ్చు: ఓఆర్‌జీ_గ్రేడిల్_ప్రాజెక్ట్_ అని ముందు చేర్చిన వేరియబుల్ గ్రేడిల్‌లో ప్రాజెక్ట్ ప్రాపర్టీగా కనబడుతుంది. ఏపీకేలో పెట్టిన ఏ కీ అయినా విప్పి చదవొచ్చని మర్చిపోవద్దు. ఎస్సెమ్మెస్ పంపే పని సర్వర్‌దే.

5. బిల్డ్‌కే కావాల్సిన రహస్యం

మావెన్ టోకెన్‌ని ఆర్గ్‌గా ఇస్తే హిస్టరీలో మిగులుతుంది. ఫైలుగా కాపీ చేసి తర్వాతి లైన్లో తుడిచినా కింది లేయర్లో (ఇమేజ్‌లో ముందు లైను మిగిల్చిన పొర) ఉండనే ఉంటుంది. సరైన దారి బిల్డ్‌కిట్ (డాకర్ బిల్డ్ ఇంజిన్) సీక్రెట్ మౌంట్. డాకర్ ఇంజిన్ 23 నుంచి లినక్స్‌లో బిల్డ్‌కిట్ మామూలుగానే వస్తుంది. రన్ లైనుకి టైప్ సీక్రెట్ మౌంట్ పెట్టి ఒక ఐడీ ఇవ్వండి, బిల్డ్ కమాండ్‌కి సీక్రెట్ ఫ్లాగ్‌తో అదే ఐడీ చెప్పండి. ఆ ఒక్క లైను నడిచేటప్పుడు స్లాష్ రన్ స్లాష్ సీక్రెట్స్ కింద ఆ ఐడీ పేరుతో ఫైలు కనిపిస్తుంది, లైను అయ్యాక ఉండదు, ఏ లేయర్లోకీ ఎక్కదు. ఐడీలో అక్షరం తేడా వస్తే ఫైలు లేకుండానే లైను నడుస్తుంది, ‘అనధికారం’ అంటూ 401 ఎర్రర్ వస్తుంది. మౌంట్‌కి రిక్వైర్డ్ అని చేర్చితే అక్కడే ఆగుతుంది.

టోకెన్ ఎప్పుడైనా గిట్‌లోకి పోయిందా, ముందు దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి. చరిత్ర శుభ్రం చేయడం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

6. పైప్‌లైన్

గిట్‌హబ్ యాక్షన్స్‌తో చెబుతాం. రిపోజిటరీ సెట్టింగ్స్‌లో ఎన్విరాన్‌మెంట్స్ కింద స్టేజింగ్, ప్రొడక్షన్ సృష్టించండి. రహస్యాలు సీక్రెట్స్‌లో, మిగతావి వేరియబుల్స్‌లో. రెండు చోట్లా పేర్లు ఒకటే ఉండాలి, విలువలే వేరు. ప్రొడ్_డీబీ, స్టేజ్_డీబీ అని పేర్లు మార్చారంటే పైప్‌లైన్ నిండా షరతులు రాయాల్సొస్తుంది. ప్రొడక్షన్‌కి ఒకరి ఆమోదం తప్పనిసరి చేయండి. ప్రైవేటు రిపోజిటరీల్లో ఈ సదుపాయం మీ ప్లాన్‌ని బట్టి ఉంటుంది.

జాబ్స్ మూడు. బిల్డ్ జాబ్‌కి ఎన్విరాన్‌మెంట్ లైను పెట్టొద్దు. చోటుకి సంబంధించిన రహస్యం దానికి అందకపోవడమే మనకి కావాల్సింది. స్టేజింగ్ డిప్లాయ్, ప్రొడక్షన్ డిప్లాయ్ జాబ్స్‌కి మాత్రం ఆ లైను ఉండాలి, రెండూ బిల్డ్ ఇచ్చిన అదే హాష్ ట్యాగ్ ఉన్న ఇమేజ్‌ని దించుకోవాలి. డిప్లాయ్ జాబ్‌లో ఆ లైను మర్చిపోతే ఆ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టిన రహస్యాలు ఖాళీ స్ట్రింగులుగా వస్తాయి. పేరు తప్పు కొట్టినా అంతే, ఎర్రర్ ఉండదు. అందుకే డిప్లాయ్ జాబ్ మొదటి స్టెప్‌లో ప్రతి పేరునీ షెల్‌లో కోలన్-క్వశ్చన్‌మార్క్ రూపంలో పరీక్షించండి. వేరియబుల్ లేకపోయినా, ఖాళీగా ఉన్నా మీ సందేశం చెప్పి ఆగిపోతుంది. సెట్ మైనస్ యూ ఒక్కటే చాలదు, ఖాళీ స్ట్రింగుని అది పట్టుకోదు.

గిట్‌హబ్_ఎన్వ్ ఫైల్లోకి రాసిన విలువ ఆ స్టెప్‌లో కనబడదు, తర్వాతి స్టెప్ నుంచే. ఫోర్క్ (మీ రిపోజిటరీకి వేరేవాళ్లు తీసుకున్న కాపీ) నుంచి వచ్చే పుల్ రిక్వెస్ట్‌లకి మీ రహస్యాలు అందవు. అది రక్షణే కాబట్టి టెస్టులు రహస్యాలు లేకుండా నడిచేలా రాసుకోండి. లాగ్‌లో రహస్యం నక్షత్రాలుగా (***) కనబడుతుందని నమ్ముకోవద్దు. బేస్64 చేసినా, జేసన్ మొత్తాన్ని ఒకే రహస్యంగా పెట్టి అందులోంచి ఒక ముక్క తీసినా ఆ ముసుగు నిలవదు.

జెంకిన్స్ వాడితే విత్‌క్రెడెన్షియల్స్ లోపలి షెల్ కమాండుకి ఒంటి కొటేషన్ వాడండి. జంట కొటేషన్లో గ్రూవీ (జెంకిన్స్ స్క్రిప్టు భాష) ముందే విలువని కమాండులో పరిచేస్తుంది. గిట్‌ల్యాబ్‌లో ‘ప్రొటెక్టెడ్’ అని టిక్ పెట్టిన వేరియబుల్ ప్రొటెక్టెడ్ బ్రాంచి మీదే వస్తుంది, మిగతా బ్రాంచిల్లో ఖాళీ.

7. గడియారం, తెలుగు అక్షరాలు

ఈ రెండూ ఎవరి జాబితాలోనూ ఉండవు. ల్యాప్‌టాప్ వాటిని చెప్పకుండానే సమకూరుస్తుంది, కంటైనర్ సమకూర్చదు.

గుంటలో డీవో బాగా తగ్గేది తెల్లవారకముందు. రైతు 4:45కి రీడింగ్ కొడతాడు. కంటైనర్ గడియారం యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనక) కాబట్టి అక్కడ ముందురోజు రాత్రి 11:15. తేదీవారీ నివేదికలో ఆ రీడింగ్ నిన్నటి ఖాతాలో పడుతుంది. ఉదయం 5:30 లోపు కొట్టినవన్నీ ఇలాగే, 6 గంటల మేత మాత్రం సరిగ్గా ఈరోజులో ఉంటుంది. అందుకే టెస్టర్‌కి తప్పు దొరకదు, ఆ వేళకి ఎవరూ టెస్ట్ చేయరు కదా. టీజెడ్ వేరియబుల్‌కి ఏషియా స్లాష్ కోల్‌కతా ఇస్తే పైకి నయమైనట్టుంటుంది. కానీ ఒకచోట మర్చిపోతే మళ్లీ మొదటికే. డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్‌టీజెడ్ వాడి, తేదీ తీసేచోట కోల్‌కతా జోన్‌ని కోడులోనే రాయండి. అది చోటుని బట్టి మారేది కాదు. పైప్‌లైన్ షెడ్యూల్‌లోనూ ఇదే లెక్క: మనకి ఉదయం 6కి నడవాలంటే క్రాన్‌లో యూటీసీ ప్రకారం 0 గంటల 30 నిమిషాలు.

ఎస్సెమ్మెస్‌లో ‘గుంట’ బదులు ప్రశ్నార్థకాలు వస్తే వాటిని లెక్కపెట్టండి. ఆ మాట యూనికోడ్‌లో 4 గుర్తులు (గ, కొమ్ము, సున్న, ట), యూటీఎఫ్-8లో 12 బైట్లు. 4 ప్రశ్నార్థకాలొస్తే లోపల మాట బాగానే ఉంది, బయటికి రాసేటప్పుడు పోయింది. 12 వస్తే ఫైలు చదివేటప్పుడే పాడైంది. డిగ్రీ గుర్తులు, నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు కనబడితే యూటీఎఫ్-8 బైట్లని లాటిన్-1గా చదివారన్నమాట. జేడీకే 17, అంతకు ముందువి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ని సిస్టమ్ లొకేల్ (భాష సెట్టింగు) నుంచి తీసుకుంటాయి, లొకేల్ ఇవ్వని కంటైనర్లో అది ఆస్కీ. 2022లో వచ్చిన జేడీకే 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8. గ్రేడిల్‌లో కంపైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి, డాకర్‌ఫైల్లో లాంగ్ వేరియబుల్‌కి సీ డాట్ యూటీఎఫ్-8 ఎన్వ్‌గా పెట్టండి. మూడుచోట్లా ఒకటే విలువ కాబట్టి దీనికి ఇమేజ్‌లో ఉండే హక్కుంది.

8. వెనక్కి పోవాల్సి వస్తే

సర్వర్లో వెర్షన్ పేజీ ఒకటి ఉంచండి. కమిట్ హాష్, చోటు పేరు, ఎస్సెమ్మెస్ మోడ్ చాలు. ఫిర్యాదు రాగానే మొదట చూడాల్సింది అదే. విలువలు సరిచూడాలంటే డాకర్ కంపోజ్ కాన్ఫిగ్ అన్నీ పరిచి చూపిస్తుంది, పాస్‌వర్డులతో సహా. దాని అవుట్‌పుట్‌ని గ్రూపులో అతికించొద్దు.

పాత ఇమేజ్‌కి తిరిగి వెళ్లడం ఒక్క ట్యాగ్ మార్పు. సెట్టింగులు మాత్రం వాటంతట అవి వెనక్కి పోవు. కొత్త కోడుకి ఎస్సెమ్మెస్_యూఆర్ఎల్ బదులు ఎస్సెమ్మెస్_బేస్ కావాలనుకోండి. ముందు మూడుచోట్లా కొత్త పేరు చేర్చండి, పాతది ఉండనివ్వండి. తర్వాత కోడు పంపండి. ఆ వెర్షన్ కుదురుకుని, తర్వాతి వెర్షన్ కూడా ప్రొడక్షన్‌కి చేరాక పాత పేరు తీసేయండి. ముందే తీసేస్తే అర్ధరాత్రి వెనక్కి వెళ్లిన పాత ఇమేజ్ ‘ఎస్సెమ్మెస్_యూఆర్ఎల్ లేదు’ అని ఆగిపోతుంది.